వెనక వరస కనబడే లెన్సు

వేయించిన బియ్యం వాసన వస్తే మామూలు మనుషులకు ఆకలి వేస్తుంది. నాకు సిగ్గు వేస్తుంది. ఈ ఉదయం కూడా అంతే. వాన పట్టి వారమైంది. గోడలు చెమరుస్తున్నాయి. గాజువాకలో మా వీధి మీద మబ్బు కూర్చుంది, లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. నా భార్య మూకుడు నా చేతికిచ్చి పక్కకు తప్పుకుంది. వానాకాలంలో నెలకోసారి రెండు గుప్పెళ్ళ బియ్యం నూనె లేకుండా వేయించి, చల్లార్చి, పల్చటి గుడ్డలో మూటకట్టి ఒక గాజు సీసాలో వేయడం మా ఇంట్లో నా పని. ఆ సీసాలో ఊరగాయ ఉండదు. రెండు కెమెరా లెన్సులుంటాయి. సముద్రం పక్కనున్న ఊళ్ళో లెన్సుకు బూజు పట్టకుండా ఉండాలంటే దాని పక్కన తేమ పీల్చుకునేది ఏదో ఒకటి ఉండాలని నాకు చెప్పినవాడు దానియేలు మావయ్య. ఆయన చెప్పినవాటిలో నాకు వెంటనే ఒంటబట్టింది ఇదొక్కటే. మిగతావి ఒంటబట్టడానికి ఒక మనిషి పోవలసి వచ్చింది.

ముందే ఒప్పుకుంటాను. లెన్సు ఎంచుకోవడంలో నేను చేసినంత తెలివితక్కువ పని ఈ ఊళ్ళో ఎవరూ చేసి ఉండరు. నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాణ్ణి. కంపెనీలకు చిన్న చిన్న సినిమాలు కూడా చేసిపెట్టేవాణ్ణి. కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. దానికో ప్రైమ్ లెన్సు కావాలి. జూమ్ లేకుండా ఒకే చూపుకు కట్టుబడి ఉండేదాన్ని ప్రైమ్ అంటారు. మనిషి దగ్గరగా కనబడాలంటే మనమే దగ్గరికి నడవాలి. లెన్సు లోపల కంటిపాపలాంటి రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని బాగా తెరిస్తే ఎదుటి మొహం ఒక్కటే తేటగా నిలిచి, వెనకున్నదంతా వెన్నలా కరిగిపోతుంది. మూస్తే వెనకున్నవి కూడా కనబడతాయి. తిరకాసు ఏమిటంటే, తెరిచినప్పుడు అంకె చిన్నది, ఒకటీ పాయింటు రెండు. మూసినప్పుడు అంకె పెద్దది, ఎనిమిది, పదకొండు. నేను ఆ చిన్న అంకె మీద మనసు పారేసుకున్నాను. వెన్న మీద మోజు అలాంటిది. వెనకేముందో ఆలోచించే అలవాటు నాకు మొదటినుంచీ లేదు, కెమెరాలోనూ లేదు, బుర్రలోనూ లేదు.

దానియేలు మావయ్యకూ నాకూ చుట్టరికం లేదు. కెమెరాతో పాటొచ్చిన జూమ్ లెన్సుకు బూజు పడితే శుభ్రం చేయించడానికి వెళ్ళి వరస కలుపుకున్నాను. పాతూళ్ళో చర్చి సందు చివర, పోర్టు గోడకు దగ్గరగా ఆయన స్టూడియో. పొద్దున్న తుడిచిన అద్దం మధ్యాహ్నానికి బొగ్గు ధూళితో నల్లబడేది. పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు, లెన్సులు విప్పి తుడిచేవాడు. అసలు పని మాత్రం చావులు. మా ఊరి క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ఒక అలవాటుంది. శవపేటికను సమాధుల తోటకు ఎత్తే ముందు దాని చుట్టూ అయినవాళ్ళంతా నిలబడి ఒక ఫోటో తీయించుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఆ ఫోటోలన్నీ ఆయనవే. ముసలివాళ్ళున్న ఇంటి ముందు ఆయన స్కూటరు ఆగితే చాలు, "ఇంకా లేదయ్యా, ఎల్లు!" అని లోపలినుంచి కేకలు వేసేవారట. ఆయనే చెప్పి నవ్వేవాడు.

నా లెన్సును వెలుతురుకు ఎత్తి చూసి, "ఏటిది? లెన్సా, పాసిపోయిన రొట్టా?" అన్నాడు మొదటిరోజు.

"మావయ్యా, సినిమా తియ్యడానికి ఏ ప్రైమ్ మంచిది? ముప్పై అయిదా, యాభయ్యా?" అని అడిగాను. ఇది వేరే అంకె, చూపు వెడల్పుది; పెరిగేకొద్దీ మనిషి దగ్గరికొస్తాడు, మనం వెనక్కి జరగాలి.

"నువ్వు తీసే గది ఎంత?"

"ఎవరి గది?"

"ఎవలిదైనా. ఈ ఊర్లో గదంటే పదికి పది. అందులో మంచం, బీరువా, అత్తగారు. నువ్వెక్కడ నిలబడతావు, బీరువాలోనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నల్ల టేపు తీసి నా జూమ్ లెన్సును ముప్పై అయిదు దగ్గర కదలకుండా అంటించేశాడు. "వారం రోజులు ఇలాగే తియ్యి. వచ్చేవారం యాభై దగ్గర అంటిస్తాను. నీ ఎన్ను గోడకి ఎన్నిసార్లు తగిలిందో లెక్కెట్టుకో," అన్నాడు. బుద్ధిగా లెక్కపెట్టాను. ముప్పై అయిదు వారంలో రెండుసార్లు. యాభై వారంలో పదకొండుసార్లు, అందులో ఒకసారి గోడ కాదు, పెళ్ళికూతురి మేనత్త. వెళ్ళి చెప్పాను. "మరింకేటి? నీ కెమెరాలో బొమ్మ పడే పలక, ఆ సెన్సారు, సిన్నది. యాభై పెడితే మనిషి మీదకొచ్చేస్తాడు. ముప్పై అయిదు తెచ్చుకో. కన్ను సూసినంతే సూత్తాది, ఎక్కువ సూడదు, తక్కువ సూడదు," అన్నాడు. తన పాత యాభై లెన్సును సీసాలోంచి తీసి చూపించాడు. "నాది పెద్ద ఫిలిం కాలం లెన్సు. దీనికి యాభైయే కన్ను. అంకె కాదురా అల్లుడా సూడాల్సింది. నువ్వెక్కడ నిలబడతావు, ఆ మనిసి ఎనకాల ఏటుంది. అంతే."

ఆయన లెన్సు మీద ఆ రంధ్రాన్ని తెరిచి మూసే రింగు ఎప్పుడూ ఎనిమిది మీదే ఉండేది. ఎందుకని అడిగాను. "పెట్టె సుట్టూ మూడు వరసలు నిలబడతారు. ముందు వరసోళ్ళు ఎలాగైనా కనబడతారు. ఎనక వరసోడు ఈ ఫోటో తీసుకుని వందసార్లు ఎతుక్కుంటాడు, నానున్నానా లేనా అని. ఆడికోసం ఎనిమిది. ఫోకస్సు కూడా ముందోళ్ళ మీద కాదు, రెండో వరస మీద పెట్టు."

ఇంత విన్నాక నేను చేసిందేమిటంటే, యాభై లెన్సు, ఒకటీ పాయింటు రెండుది, కొన్నాను. ఇంటర్నెట్టులో ఒకాయన దాని గురించి చెబుతూ కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. మావయ్యకు చూపిస్తే దాన్ని చేతిలో బరువు చూసి, "నోరు పెద్దదిరా దీనిది. నీకు తగ్గదే," అని తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

ఆయన కొడుకు సుధీర్ నాకంటే రెండేళ్ళు చిన్న. వరస ప్రకారం నన్ను బావా అనేవాడు. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. ఎడమ భుజం కొద్దిగా వంచి, ఏదో సంచి మోస్తున్నట్టు నడిచేవాడు. చేతిలో ఏమీ ఉండేది కాదు. ఒకరోజు ఫోన్ చేశాడు. "బావా, మా యూనిట్లో సేఫ్టీ వీడియో తీయిత్తారంట. నీ పేరు సెప్పినాను. నా పరువు నీ సేతిలో ఉంది, సూసుకో మరి." ఆ మాట ఇప్పుడు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

యూనిట్‌లో పొడవాటి హాలు. నీలం డ్రమ్ములు, పైపులు, చివర వెనక తలుపు. మేనేజరు తెల్ల టోపీ పెట్టుకుని ఎదురుగా నిలబడి, "వెనక అంతా చిందరవందరగా ఉందండీ. సినిమాల్లోలాగా బ్లర్ చేసెయ్యండి," అన్నాడు. నా లెన్సు పుట్టిందే ఆ మాట కోసం. రింగును చివరిదాకా తిప్పేశాను. డ్రమ్ములు కరిగాయి, పైపులు కరిగాయి. మేనేజరు కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా వచ్చాయి. ఆయన భద్రత గురించి చదువుతున్నంతసేపూ నేను ఆ కనురెప్పలే చూశాను. రెండో టేకుకు ముందు సుధీర్ నా చెవి దగ్గరకొచ్చాడు. "నాను ఎనకాలనుంచి నడుస్తాను బావా. కనబడతానా?"

"కనబడతావు, నడువు."

"మా ఆవిడికి సెప్పేస్తన్నాను, ఈరో నానేనని." మూడుసార్లు నడిచాడు. మూడోసారి చెయ్యి ఊపాడు.

మూడు వారాల తర్వాత, పగటి షిఫ్టులో, ఆ హాల్లో గ్యాసు లీకైంది. ముందు వైపున్నవాళ్ళు ముందు తలుపులోంచి బయటపడ్డారు. వెనక వైపున్న ఇద్దరు వెనక తలుపు వైపు పరుగెత్తారు. ఇద్దరూ ఆ తలుపు దగ్గరే దొరికారు. ఒకడు సుధీర్.

తలుపు తెరిచే ఉందని కంపెనీ చెప్పింది. కంగారులో దారి తప్పారని, నేర్పిన పద్ధతి పాటించలేదని, షిఫ్టులో సీనియరు సుధీరే కాబట్టి రెండోవాణ్ణి కూడా తప్పుదారిన నడిపించింది అతడేనని చెప్పింది. శిక్షణ ఇచ్చామనడానికి రుజువు కావాలి కదా, ఇచ్చింది. నేను తీసిన వీడియోయే.

చర్చి ముందు పెట్టె దించారు. మనుషులు సర్దుకుని నిలబడ్డారు. ముప్పై ఏళ్ళ అలవాటు కాబట్టి మావయ్య కెమెరా మెడలో వేసుకుని పెట్టెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కంటికి ఎత్తాడు. దించాడు. చుట్టూ చూసి నా దగ్గరకు వచ్చాడు.

"ఈసారి నాను అటు నిలబడాల," అన్నాడు. "నువ్వు తియ్యి."

కెమెరా నా మెడలో వేశాడు. వెళ్ళబోయి, వెనక్కి వచ్చి, రింగు తిప్పి చూసుకున్నాడు. "ఎనిమిది మీదే ఉంది. కదపకు. ఎనక వరసలో ఆడి స్నేహితులున్నారు." వెళ్ళి తన భార్య మేరీ అత్తయ్య పక్కన, సుధీర్ భార్య పక్కన నిలబడ్డాడు. వెనక వరసలో కంపెనీ నీలం చొక్కాలు పదిహేను దాకా ఉన్నాయి. రెండో వరస మీద ఫోకస్ పెట్టి తీశాను. జీవితంలో మొదటిసారి ఆయన చెప్పినట్టు తీసిన ఫోటో అది. పెట్టె ఎత్తాక ఆ నీలం చొక్కాల్లో ఒకడు మావయ్య చేతులు పట్టుకుని, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా చెప్పాడు. "ఆ తలుపుకి గొలుసేసినారు తాతా. సామాన్లు పోతన్నాయని రెండు నెలలై తాళమే. నానిలా సెప్పినానని ఎవలికీ సెప్పకు, పిల్లలున్నారు."

పది రోజులకు మావయ్య గాజువాక వచ్చాడు. బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, చెప్పుల నిండా ఎర్రమట్టి. కూర్చోమంటే కూర్చోలేదు. "నువ్వు తీసినప్పుడు ఆ తలుపు ఎనకాలే ఉంది గదా. తియ్యి," అన్నాడు.

కంపెనీకి ఇచ్చింది కాదు, అసలు ఫుటేజీ మొత్తం పెట్టాను. మేనేజరు మాట్లాడుతున్నాడు. ఫోకస్ అటూ ఇటూ మారినప్పుడు ఫ్రేము కొద్దిగా ఉబ్బి తగ్గుతుంది. లెన్సు ఊపిరి తీసుకుంటోందంటాం మా పనిలో. ఆ రోజు ఆ గదిలో ఊపిరి తీసుకుంటున్నది అదొక్కటే అనిపించింది. మేనేజరు భుజం వెనకనుంచి నీలంగా ఒక మరక కదిలింది.

"ఆపు," అన్నాడు మావయ్య. "ఆడే."

మొహం లేదు, కళ్ళు లేవు, నీలం మరక. "ఎలా పోల్చావు మావయ్యా?"

"నడక. ఎడం బుజం." వేలితో తెరను తాకబోయి ఆగాడు. "సరే. తలుపు సూపించు."

చూపించాను. బూడిదరంగు పలక, మధ్యలో కాస్త ముదురుగా ఏదో. గొలుసు కావచ్చు, నీడ కావచ్చు, తుప్పు మచ్చ కావచ్చు. పెద్దది చేశాను. మసకే పెద్దదైంది. వెలుతురు పెంచాను. మసక తెల్లబడింది. నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. ఒక గంటసేపు ఆయన నా కుర్చీ వెనక నిలబడి, నేను చెరిపేసినదాన్ని నేనే వెతకడం చూశాడు.

చివరికి అడిగాడు. "పోనీ కెమెరా సూడలేదు. నువ్వు సూసినావా? నీ కంటితో?"

ఒక్క అవును చాలు. కొడుకు మీద పడిన మాట తుడుచుకుపోవడానికి ఆయనకు కావలసింది ఆ ఒక్క మాట. రెండు గంటలు ఆ తలుపుకు ఎదురుగా నిలబడినవాణ్ణి నేను.

"లేదు మావయ్యా. నేను ఆయన కనురెప్పలు చూస్తున్నాను."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. "కావాలని సెయ్యలేదులే," అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "కనబడతావని సెప్పినావంట గదా ఆడికి. ఇంటికొచ్చి సెప్పినాడు. సానా సంబరపడ్డాడు," అన్నాడు. అంతే. వానలో బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

విచారణాధికారికి కూడా ఆ ఫుటేజీ ఇచ్చాను. ఆయన చూసి కాగితం మీద రెండు మాటలు రాశాడు. స్పష్టత లేదు. నా పనితనం గురించి ప్రభుత్వం ఇంతవరకూ రాసింది ఆ రెండు మాటలే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆ లెన్సు అమ్మేశాను. మావయ్య చెప్పిన ముప్పై అయిదు కొన్నాను. పెద్ద నోరు లేదు, కళ్ళు మూసుకుని పొగిడేవాళ్ళూ లేరు. దాన్ని తీసుకుని చర్చి సందుకు వెళ్ళడానికి నెల రోజులు ధైర్యం చాలలేదు. వెళ్తే, ఏమీ జరగనట్టు దాన్ని చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర తిప్పి చూసి, "ఇది సరే," అన్నాడు. తర్వాత ఆయన చావులకు వెళ్ళడం మానేశాడు. పిలుపు వస్తే నన్ను పంపేవాడు. తిరిగొచ్చాక ఫోటోలు చూసేవాడు, ముందు వరస వదిలేసి, ఎప్పుడూ వెనకనుంచి. "ఈడెవడు? కళ్ళు మూసుకున్నాడు. ఇంకోటి తియ్యకపోనావా?" అనేవాడు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఆ ఎనిమిది నెలల్లోనే. కోపం ఒక్కసారైనా చూపించలేదు. నేర్పడమే ఆయన నాకు వేసిన శిక్ష అనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోవడం లేదు, తనకు తెలిసిందాన్ని అప్పగించే చోటు ఇంకెక్కడా లేక నాకు అప్పగించాడంతే.

మరుసటి వానల్లో ఛాతీలో నెమ్ము చేరి పోయాడు. పెట్టె చుట్టూ మూడు వరసలు. ఎనిమిది మీద పెట్టి తీశాను. మేరీ అత్తయ్య ఆయన లెన్సు ఉన్న సీసా తెచ్చి నా చేతికిచ్చింది. "నీకే ఇమ్మన్నారు. బియ్యం మార్చమన్నారు," అంది. ఆ పూట ఏడుపు రానివాణ్ణి, ఆ మాటకు మాత్రం సందు చివరిదాకా వెళ్ళి నిలబడవలసి వచ్చింది.

ఆ మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు. భద్రతా వారోత్సవాలట, కొత్త సినిమా కావాలట. "పోయినసారి మీరు చాలా బాగా తీశారు. అలాగే బ్లర్‌తో," అన్నాడు. ఒప్పుకున్నాను. నా భార్య వింటోంది. ఫోన్ పెట్టాక, "సిగ్గు లేదా నీకు?" అంది. "ఉంది, అందుకే వెళ్తున్నాను," అన్నాను. నిజానికి ఎందుకు వెళ్తున్నానో అప్పటికి నాకే తెలియదు. ఆ తలుపు ఒకసారి కంటితో చూడాలని ఉంది, అంతే.

హాలుకు కొత్త రంగు వేశారు. తలుపు పైన ఆకుపచ్చ బోర్డు. ఈసారి కెమెరా సంచిలోంచి తీయకముందే చివరిదాకా నడిచి చూశాను. హ్యాండిల్‌కు గొలుసు ఉంది. కొత్తది, స్టెయిన్‌లెస్ స్టీలు. ఉక్కు నగరంలో గొలుసులకు కొదవేముంది! ఎంత జరిగినా ఒక్క మచ్చ పడనిది చూసి మరీ తెచ్చారు. దానికో తాళం. వెనక్కి వచ్చి మేనేజరును తలుపుకు మూడడుగుల ముందు నిలబెట్టాను. ముప్పై అయిదు తగిలించాను. రెండు లైట్లు ఎక్కువ పెట్టి, రింగు ఎనిమిది మీద పెట్టాను. ఫోకస్ ఆయన మీద కాదు, కాస్త వెనక్కి, రెండో వరస ఉంటే ఎక్కడ నిలబడేదో అక్కడ. వెలుతురు ఇంకా చాలక బొమ్మలో ఇసక చల్లినట్టు కొంచెం గింజ పడింది, పడనిచ్చాను.

"బ్లర్ వస్తోందా?"

"మీరు కళ్ళారా చూస్తారు సార్."

పూర్తయ్యాక ఆయన ఫోన్‌లో చూసుకున్నాడు. ఎవరైనా ముందు తన మొహమే చూసుకుంటారు, నాకు తెలుసు. "సూపర్," అన్నాడు.

ఆ సినిమా వల్ల ఏం మారిందో ముందే చెప్పేస్తాను, ఎక్కువ ఊహించుకోకండి. సినిమా వేసిన సాయంత్రమే గొలుసు తీశారని విన్నాను. మళ్ళీ వేశారో లేదో తెలియదు. విచారణ కాగితంలో సుధీర్ పేరు పక్కన రాసింది అలాగే ఉంది. నన్ను ఆ దారిలో ఏ కంపెనీ మళ్ళీ పిలవలేదు.

వారోత్సవాల్లో ఆ సినిమా వేయడానికి కాంటీన్‌లో పెద్ద తెర కట్టారు. ముందు వరసలో ముఖ్య అతిథిగా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, పక్కన మేనేజరు. వెనకంతా నీలం చొక్కాలు. తెర మీద మేనేజరు గోడంత అయ్యాడు. "మా యూనిట్‌లో ప్రతి అత్యవసర ద్వారం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది," అన్నాడు. ఆయన చెవి పక్కన ఆకుపచ్చ బోర్డు, దానికింద ఒక్కో లంకె మనిషి చేయంత గొలుసు, తాళం మీద కంపెనీ ముద్రతో సహా. వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "ఓలమ్మా, గొలుసు ఎంత క్లియర్‌గా ఒచ్చిందిరా బావా!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మేనేజరు వంగి నడుస్తూ నా దగ్గరకు వచ్చాడు. "ఏంటండీ ఇది? వెనకదంతా ఎందుకలా కనబడుతోంది?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"ఎనిమిది మీద పెట్టాను సార్," అన్నాను.